డ్రిల్లు మాస్టారి ఎనిమిది పలకల బ్యారెల్

తుపాకుల షాపులో పనిచేసి రిటైరయ్యానని చెబితే ఈ కాలం పిల్లలు ముందు నా మొహం చూస్తారు, తర్వాత చేతులు చూస్తారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీ దగ్గరికి ఎలాంటోళ్లు వచ్చేవారండీ?" అని అడుగుతారు. వాళ్లకు నిరాశ తప్పదు. రాజమండ్రిలో మా షాపుకి వచ్చినవాళ్లు గోదావరి లంకల్లో అరటి తోటలేసి అడవి పందులతో వేగలేని రైతులు, బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే మాజీ సైనికులు, రైఫిల్ క్లబ్బులో గురి చూసుకునే పెద్దమనుషులు. షాపుకీ లైసెన్సే, తుపాకీకీ లైసెన్సే, దాన్ని తెచ్చిన మనిషికీ లైసెన్సే. ఇందులో సినిమాకు పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా లేదు. నేను అక్కడ ఫిట్టర్ని. లేత్ మిషన్ ముందు నిలబడి ఇనుము చెక్కడం నా పని. ఎన్నో చెక్కాను. కానీ ఎవరైనా ఒక్క పని గురించి చెప్పమంటే, నేను చెక్కకుండా వదిలేసిన ఒక బ్యారెల్ గురించే చెప్పాలనిపిస్తుంది.

మా షాపులో ముగ్గురమే. ఓనరు గారు కౌంటర్లో కూర్చుంటారు. ఎవరికీ లేదు, కాదు అని చెప్పలేని మనిషి. లోపల మా మేస్త్రీ. పనిలో ఆయన చెయ్యి ఎంత చల్లనిదో నోరు అంత వెటకారం. ఆయన తర్వాత నేను. కొత్తలో మేస్త్రీ నాతో, "ఒరేయ్ తమ్ముడూ, తుపాకీని చూసి బ్యారెల్ ఎంచకూడదు, పట్టుకునేవాడిని చూసి ఎంచాలి" అనేవారు. ఆ మాట నేను అందరికీ చెప్పాను. ఆయన మాత్రం దాన్ని ఒకసారి మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను లెండి.

ఒక సోమవారం పొద్దున్న పిఠాపురం వైపు నుంచి భార్యాభర్తలిద్దరు బస్సు దిగి మా షాపుకి వచ్చారు. ఆయన మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. రిటైరై చాలా కాలమైనా నడుం వంగలేదు, చొక్కా మడత నలగలేదు. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఊళ్లో అందరూ సిస్టరు గారు అంటారట, మేమూ అలాగే పిలిచాం. ఆయన భుజాన కాన్వాసు సంచిలో వాళ్ల నాన్నగారి రైఫిల్ ఉంది. లీవరు కిందికి లాగితే నోరు తెరుస్తుంది, అందులో ఒకే ఒక్క తూటా పడుతుంది, పేల్చాక మళ్లీ తెరిచి ఇంకొకటి పెట్టుకోవాలి. అలాంటి పాతకాలపు సరుకు. ఏలేరు పొంగి వాళ్ల వీధి మునిగినప్పుడు బీరువాతో సహా నీళ్లలో నానింది. స్కూల్లో తలదాచుకున్న జనం ఇళ్లకు తిరిగొచ్చేసరికి బ్యారెల్ లోపల తూటాని తిప్పి వదిలే గీతలన్నీ తుప్పు తినేసింది. మేస్త్రీ దాన్ని వెలుతురుకి పెట్టి ఒక కంటితో చూసి, "ఇది పోయిందండి మాస్టారూ" అన్నారు.

"తెలుసండి. కొత్తది వేయించాలి. పాతది ఎలా ఉందో అచ్చం అలాగే. ఎనిమిది పలకలు, మొదట్నుంచి చివరిదాకా. బరువు ఇసుమంత కూడా తగ్గకూడదు" అన్నారు మాస్టారు. మాట్లాడుతున్నంతసేపూ ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోంచి తీయలేదు.

బ్యారెల్ ఆకారం గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మీకు మా కష్టం అర్థం కాదు. గుండ్రంగా ఉండి చివరికి పోనుపోను సన్నబడేది తేలిక. పెన్సిల్లాగా పలకలు తీరి, చివరిదాకా ఒకే లావున ఉండేది బరువు. వెనక సగం పలకలుగా, ముందు సగం గుండ్రంగా ఉండే మూడో రకం కూడా ఉంది. నిలబడి గురి చూసేవాళ్లు ఎవరి ఒంటికి తగ్గది వాళ్లు ఎంచుకుంటారు. మా మాస్టారు ఎంచుకునే వచ్చారు. ఓనరు గారు తల ఊపారు, మేస్త్రీ "ఆయ్" అన్నారు, వాళ్లిద్దరూ వెళ్లిపోయారు.

కాసేపటికి సిస్టరు గారు ఒక్కరే తిరిగొచ్చారు. కళ్లజోడు ఇక్కడ మరిచిపోయానన్నారు. కళ్లజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది. మేం ముగ్గురం ఆ మాట అనకుండా కౌంటరు కిందా, బెంచీ పక్కనా కాసేపు వెతికాం. మా గోదావరి మర్యాద అలాంటిది.

ఆవిడే మా వెతుకులాట ఆపించి ఓనరు గారితో అసలు సంగతి చెప్పారు. "బాబూ, ఆయన చెప్పినట్టు చెయ్యకండి. సన్నగా, తేలిగ్గా చెయ్యండి. ఆయనకి చేతులు వణుకుతున్నాయి. ఏడాది బట్టి గడప దాటి ఎక్కడికీ రాలేదు. చర్చికి కూడా రారు. పాటల పుస్తకం పట్టుకుంటే అందరూ చేతులే చూస్తారంటారు. మొన్న క్లబ్బులో పాత తుపాకుల పోటీ ఉందని ఎవరో ఫోన్ చేశారు. అప్పట్నుంచి రోజూ గడ్డం గీసుకుంటున్నారు. డాక్టరు గారు కూడా వెళ్లమన్నారు. ఇప్పుడు అక్కడ నలుగురిలో ఆ బరువు ఎత్తలేక దించేశారనుకోండి, ఇక మంచం మీంచి ఆయన్ని లేపడం నా వల్ల కాదండి."

"అలాగేనమ్మా" అన్నారు ఓనరు గారు. ఇంతకుముందు మాస్టారికి కూడా అలాగేనని తల ఊపారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు చూడండి, మా షాపు పరిస్థితి సరిగ్గా అది. పైగా పర్మిషన్ ఒక్క బ్యారెల్‌కే వస్తుంది. తయారుచేసే ఫ్యాక్టరీ ఎక్కడో దూరాన ఉంది. ఒకసారి తప్పితే మళ్లీ ఎప్పటికో. అందుకని బాగా ఆలోచించి, బరువైన ఎనిమిది పలకల బ్యారెల్‌కే ఆర్డరు పెట్టారు. ఇనుము ఎక్కువైతే లేత్ మీద తీయవచ్చు, తక్కువైతే అతికించలేం కదా. తీసే పని ఎలాగూ నాది.

అది వచ్చేలోపు ఎంత బరువు తీయాలో తేల్చాలి. దానికి మా షాపులో ఒక పద్ధతి ఉంది. మేస్త్రీ పెట్టిందే. పాత రైఫిల్ కర్రకి బ్యారెల్ బదులు నీళ్ల పైపు ముక్క బిగించి, అందులో గోదావరి ఇసుక పోస్తారు. ఎక్కువ కావాలంటే గుప్పెడు పోయడం, వద్దంటే గుప్పెడు తీయడం. బరువు ముందుకు ఉండాలంటే ఇసుక ముందుకు తోసి వెనక గుడ్డ కుక్కుతారు. మనిషి దాన్ని భుజానికి పెట్టుకుని గోడ మీద సుద్దతో గీసిన గుండ్రం వైపు గురి చూస్తాడు. ఒంటికి సరిపోయినప్పుడు చెబుతాడు. అప్పుడు ఇసుకని తూకం వేసి బ్యారెల్ బరువు లెక్క కడతాం. లంక రైతులు ఈ తతంగం చూసి, ఇదేంటండి, ధాన్యం కొలిచినట్టు అని నవ్వేవారు.

కబురు పెడితే మాస్టారు, సిస్టరు గారు వచ్చారు. షాపు వెనక పెరట్లో ఆయన చేతికి పైపు ఇచ్చాం. ఎడమ చెయ్యి జేబులోంచి బయటకు రాక తప్పలేదు. ఆయన పైపు ఎత్తీ ఎత్తగానే ఓనరు గారికి గోడ మీది క్యాలెండర్లో ఏదో పని తగిలింది. మేస్త్రీ జామచెట్టు మీద కాయలు చూస్తున్నారు. నేను నూనె డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాను. ఒక పెద్దమనిషి చెయ్యి వణుకుతుంటే కళ్లప్పగించి చూడటం మాకు చేతకాదు. సిస్టరు గారు మాత్రం ఆయన వెనక నిలబడి, తీయండి, ఇంకా తీయండి అని వేళ్లతో సైగ చేస్తున్నారు. మేస్త్రీ పైపు సరిచేస్తున్నట్టు నటించి ఒక్కో గుప్పెడు ఇసుక తీశారు. చివరికి మాస్టారు పైపు దించి, "ఎత్తడానికి బాగానే ఉంది" అన్నారు. ఉప్పు లేని కూరని చుట్టాలింట్లో మెచ్చుకున్నట్టు ఉంది ఆ మాట. మేం అదే చాలనుకున్నాం.

వాళ్లు వెళ్లాక మేస్త్రీ చాలా సంతోషించారు. "సగం పలకలు, సగం గుండ్రం. గురి చూసేటప్పుడు మాస్టారి కంటి ముందు పలకలే ఉంటాయి. ముందు భాగం సన్నగా చెక్కేస్తే సిస్టరు గారి మాటా నెగ్గుతుంది. చూశావా తమ్ముడూ, పామూ చావదు, కర్రా విరగదు" అన్నారు. నాకూ అది గొప్ప ఉపాయంలాగే తోచింది. బ్యారెల్ వచ్చాక ఎక్కడినుంచి గుండ్రం మొదలవ్వాలో దాని మీద నీలం రంగు గీత కూడా పెట్టాను. మిషన్ మీద బిగించడమే తరువాయి.

చెక్కే ముందు ఇంకొక్కసారి ఆయన చేత పట్టించి చూద్దామన్నారు ఓనరు గారు. ఆయన అంతటితో ఊరుకోకపోవడం మా అదృష్టం. ఆ రోజు మబ్బుగా ఉంది. మాస్టారు మా తేలిక పైపుని ఇట్టే ఎత్తి భుజానికి పెట్టుకున్నారు. మేం ఎప్పటిలాగే క్యాలెండర్లోకి, జామచెట్టులోకి, నూనె డబ్బాలోకి తలలు దూర్చేశాం.

"అటెన్షన్!"

స్కూలు గ్రౌండు ఆ చివరిదాకా వినిపించే గొంతు అది. నా చేతిలోంచి మూత కింద పడింది. మేం ముగ్గురం నిజంగానే నిటారుగా నిలబడ్డాం.

"ఒక్కళ్లూ చూడరేంటండీ? వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. నా చెయ్యి చూడండి. సిగ్గుపడాల్సింది నేను కదా, మీరెందుకు పడుతున్నారు? ఈ పైపు కొస ఎక్కడెక్కడ తిరుగుతోందో చూడండి" అన్నారు మాస్టారు.

చూశాం. పైపు కొస సుద్ద గుండ్రాన్ని వదిలేసి గోడంతా తిరుగుతోంది. ఒకసారి కుళాయి దగ్గర, ఒకసారి జామకొమ్మ దగ్గర. ఎత్తడం ఎంత తేలికైందో నిలపడం అంత కష్టమైపోయింది. మేం ఒక్కసారి ఆ కొస వైపు చూసి ఉంటే మొదటిరోజే తెలిసేది. మర్యాదకు పోయి మేం అసలు చూడాల్సిందే చూడలేదు.

మాస్టారు పైపు దించారు. "ఇంత తేలిక చెయ్యమని నేను అడగలేదే. ఎవరు చెయ్యమన్నారు?" అన్నారు. ఓనరు గారు గొంతు సవరించుకున్నారు.

"నేనే చెయ్యమన్నానండి" అన్నారు సిస్టరు గారు.

ఆయన ఆవిడ వైపు తిరిగారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు. "అంటే నేను ఎత్తలేనని నువ్వే తేల్చేశావన్నమాట" అని మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. రెండూ వణుకుతున్నాయి. దాచుకోవడం మానేశారు. "అమ్మేయండి ఓనరు గారూ. ఎవరైనా కుర్రాళ్లు కొనుక్కుంటారు" అన్నారు. ఆవిడ మొహంలో రక్తం లేదు. ఏ మాటకు భయపడి మా దగ్గరకు వచ్చారో ఆ మాట క్లబ్బుదాకా వెళ్లకుండానే మా పెరట్లో ఆయన నోట వచ్చేసింది.

నాకు అక్కడినుంచి లోపలికి పారిపోవాలనిపించింది. సిస్టరు గారు మాత్రం కదల్లేదు. ఆవిడ కుళాయి కింద ఉన్న మా బకెట్ వైపు చూస్తున్నారు. ఎవరో తిప్పి మరిచిపోయిన కుళాయి, బకెట్ నిండి అంచుదాకా వచ్చింది.

"ఏవండీ, ఇంట్లో పొద్దున్నే నీళ్లు పట్టి తెచ్చేది ఎవరు?" అన్నారు ఆవిడ.

"నేనే కదా. ఆ మాత్రం పని కూడా చెయ్యకూడదా?"

"అది కాదండి. కాఫీ గ్లాసిస్తే సగం కింద పోతుంది. చెంచా పట్టుకుంటే కంచానికి టకటకా కొట్టుకుంటుంది. పెరటి కుళాయి నుంచి నిండు బకెట్ తెస్తారు, వరండాలో ఒక్క చుక్క పడదు. వరండా తుడిచేది నేనే, నాకు తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు." ఆవిడ మేస్త్రీ వైపు తిరిగారు. "ఆ ఇసుక మళ్లీ పోసేయండి బాబూ. తీసిందంతా పోసి, ఇంకా పోయండి."

"నిండుకుండ తొణకదంటే పెద్దమనుషుల గురించి అనుకున్నానండి ఇన్నాళ్లూ" అంటూ మేస్త్రీ ఇసుక బస్తా దగ్గరకు పరుగెత్తారు. ఆ కంగారులో సగం నేల మీద పోశారు.

నిండా ఇసుకతో పైపు మాస్టారి చేతికి వచ్చింది. ఆయన ఇష్టం లేకుండానే లేచారు. ఆవిడ పోయమన్నారు కాబట్టి లేచారంతే. కాళ్లు ఎడంగా పెట్టి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, నడుం కాస్త వెనక్కి వాల్చారు. బరువుని కండ కాకుండా ఎముక మోసే పద్ధతి అది. పిల్లలకు ఎన్నోసార్లు నేర్పి ఉంటారు. పైపు కొస ముందు రెండు మూడు వంకర్లు తిరిగింది. తర్వాత సుద్ద గుండ్రం మీదకు వచ్చి, కొబ్బరికాయంత జాగాలో ఆగిపోయింది. పూర్తిగా ఆగలేదు, ఊపిరికి కదులుతోంది. కానీ అక్కడే ఉంది. ఈసారి మేం ముగ్గురం రెప్పవేయకుండా చూశాం.

ఎక్కువసేపు పట్టుకోలేకపోయారు. దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తారు. ఆవిడ నర్సు కళ్లతో ఆయన మెడ మీది నరాలనే చూస్తున్నారు. ఆవిడ భయం ఏమీ పోలేదు. బరువుకి ఎక్కడ కూలిపోతారో అని ఒక చెయ్యి గాల్లో సిద్ధంగా పెట్టుకునే ఉన్నారు. అంత భయపడుతూనే ఇంకా పోయమన్నారు చూడండి. పిల్లలూ, ప్రేమ గురించి మీకు నాకంటే ఎక్కువ తెలిసే ఉంటుంది. నేను చూసినంతలో మాత్రం దాన్ని మించింది చూడలేదు.

వాళ్లు వెళ్లాక నేను కిరోసిన్ గుడ్డతో బ్యారెల్ మీది నీలం గీత తుడిచేశాను. ఎనిమిది పలకలూ చివరిదాకా అలాగే ఉండిపోయాయి. వెనక మర వేసి, పాత రైఫిల్‌కి బిగించి, గురిచూసే పుల్ల అమర్చడంతో నా పని అయిపోయింది. తన సగం పలకల ఉపాయం పనికిరాకుండా పోయిందని మేస్త్రీ వారం రోజులు ముభావంగా ఉన్నారు. "మాస్టారికి కాకపోతే ఇంకొకళ్లకి చేద్దాం లెండి" అంటే, "ఒరేయ్, చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని నా మీదే విసుక్కున్నారు.

పోటీకి మమ్మల్ని కూడా రమ్మన్నారు మాస్టారు. క్లబ్బు వాళ్ల రేంజి ఊరికి దూరంగా, జీడిమామిడి తోటల అవతల గట్టు పక్కన ఉంటుంది. ఫలితం ముందే చెప్పేస్తాను, మీరు దానికోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ జాబితాలో మాస్టారిని వెతకాలంటే అడుగు నుంచి మొదలుపెడితే త్వరగా దొరుకుతారు. నేను చెప్పేది దానికి ముందు జరిగింది.

మాస్టారి వంతు వచ్చింది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. కాల్చేవాళ్లు నిలబడే గీత దగ్గరకు వెళ్లి, తుపాకీ మూతి గట్టు వైపే ఉంచి, లీవరు కిందికి లాగారు. బల్ల మీది డబ్బాలోంచి తూటా తీసుకున్నారు. చిక్కుడు గింజంత ఉంటుంది అది. వేళ్ల మధ్య నిలవలేదు, జారి కింద పరిచిన చాప మీద పడింది. ఇంకొకటి తీశారు. తుపాకీ నోటిదాకా వెళ్లి, అంచుకు తగిలి, అదీ పడింది. మేస్త్రీ నా భుజం గట్టిగా పట్టుకున్నారు. పలకలు, ఇసుక, తుంటి ఎముక అన్నీ ఆలోచించాం. ఆ రెండు వణికే చేతులూ మా కళ్లతో చూసి కూడా, తూటా ఎవరు పెడతారని ఒక్కళ్లమూ అనుకోలేదు. బ్యారెళ్లు చేసేవాళ్లకి బ్యారెలే కనిపిస్తుంది కాబోలు.

మూడోది కూడా పడింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తెరిచిన తుపాకీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పక్కన వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తలలు తిప్పుకున్నారు. అక్కడ ఎవరైనా జాలిగా ఒక్క మాట అంటే ఆయన తుపాకీ బల్ల మీద పెట్టేసి బస్సెక్కేస్తారని నాకు తెలుస్తోంది. నేను లేవబోయాను. మేస్త్రీ నన్ను లాగి కూర్చోబెట్టారు.

సిస్టరు గారు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచారు. రేంజి చూసుకునే మాజీ సుబేదారు గారి దగ్గరకు వెళ్లి, "నేను పెట్టొచ్చాండి?" అని అడిగారు. ఆయన తుపాకీ మూతి ఎటుందో చూసుకుని, మాస్టారి మొహం చూసి, తల ఊపారు. ఆవిడ చెప్పులు విప్పేసి చాప మీదకు వెళ్లారు. డబ్బాలోంచి ఒక తూటా తీసి, వెలుతురులో తిప్పి చూసి, ఏ వైపు ముందుండాలో మాస్టారిని అడిగారు. ఆయన చెప్పారు. ఆవిడ దాన్ని తుపాకీ నోట్లో పెట్టి, బొటనవేలితో లోపలికి నెట్టి, చెయ్యి తీసేశారు.

"ఇక మూయండి" అన్నారు.

ఆయన లీవరు మూశారు. మోచెయ్యి తుంటికి ఆనింది. ఎనిమిది పలకల బ్యారెల్ మెల్లగా పైకి లేచింది, అటూ ఇటూ ఊగింది, ఊగి ఊగి ఒక చోటికి వచ్చింది. ఆవిడ చెవులు మూసుకున్నారు, కళ్లు మాత్రం మూసుకోలేదు. చప్పుడు అయింది. కాగితం మీద కింది మూలన ఒక చిన్న చిల్లు పడింది. మాస్టారు కాగితం వైపు చూడనేలేదు. లీవరు లాగారు, ఖాళీ గుల్ల చాప మీద పడింది. ఆయన మొహం నిండా నవ్వు.

"ఇంకోటి" అన్నారు.

ఆవిడ అప్పటికే వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నారు.